‘తులసి’ మీద పాఠకుల తగవు

మన విమర్శకులు నవలల్ని గూర్చి రాశారు, నవలాకారుల్ని గూర్చి రాశారు. ఆ నవలల్ని చదివినవాళ్ళను గూర్చి రాసింది బహు తక్కువ. ‘క్షుద్ర సాహిత్యం’ అని ముద్ర వేసి పక్కన పెట్టిన నవలల పాఠకుల సంగతి మరీ అన్యాయం. మన సాహిత్య చరిత్రలో వాళ్ళొక గుంపు. ఆ గుంపుకు మొహం లేదు, అభిప్రాయం లేదు. మత్తుమందు మింగినట్టు చదివారనే మాట తప్ప వాళ్ళను గురించి వేరే మాట వినపడదు. ప్రజలే చరిత్ర నిర్మాతలని వేదికల మీద చెప్పేవాళ్ళం, ఆ ప్రజలు పుస్తకం చేతబట్టుకోగానే వాళ్ళకు బుద్ధి లేదని ఎట్లా అనుకున్నాం? ఈ ప్రశ్న వేసుకోవటానికి ఒక చిన్న సందర్భం వుంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవలకు కొనసాగింపుగా ‘తులసి’ వచ్చినప్పుడు పాఠకులు ఏకకంఠంతో జేజేలు పలకలేదు. వాళ్ళలో వాళ్ళే తగవుపడ్డారు. ఆ తగవు దేని మీద పడ్డారన్నది చూడవలసి వుంది.

ముందు ఆనాటి పత్రికల పరిస్థితి. 1960వ దశకంలో తెలుగు వారపత్రికల్ని, మాసపత్రికల్ని నిలబెట్టింది రచయిత్రుల సీరియళ్ళు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మధ్యతరగతి ఆడపిల్లల చేతికి నవలను అందించింది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ ఆంధ్రప్రభ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ కాలంలోనే ఆంధ్రప్రభ వారపత్రికకు మన తరిమెల బిడ్డ విద్వాన్ విశ్వం సంపాదకుడిగా పనిచేశారు. ‘పెన్నేటి పాట’ (1956) రాసిన చేయి అది. 1970వ దశకం చివరికి వచ్చేసరికి ఆ ప్రేమకథల పట్టు సడలింది. చదువుకున్న నిరుద్యోగ యువకుడు పాఠకుడుగా రంగంలోకి దిగాడు. వారపత్రికల మధ్య పోటీ ముదిరింది. సికరాజు సంపాదకత్వాన ఆంధ్రభూమి వారపత్రిక భయాన్ని సరుకుగా ఎంచుకున్నది. 1980వ దశకం తొలినాళ్ళలో తెలుగునాట ప్రతి బస్టాండు బంకులో వేలాడిన పేరు ‘తులసిదళం’.

కథ తెలియని వారికి రెండు మాటలు. తులసి అనే పసిపిల్ల పేరున ఆస్తి వుంది. ఆ పిల్ల బతికి వుండటం కొందరికి నష్టం. వాళ్ళు ఒక మాంత్రికుణ్ణి పట్టుకుని పిల్ల మీద చేతబడి చేయిస్తారు. పిల్ల మంచం పడుతుంది. ఒక పక్క వైద్యులు, హిప్నాటిజం తెలిసినవారు. మరో పక్క మంత్రాన్ని మంత్రంతోనే ఎదిరించాలనే వారు. చివరికి పిల్ల బతుకుతుంది. ఎవరి వల్ల బతికిందన్న దగ్గర రచయిత తెలివిగా రెండు తలుపులూ తెరిచి వుంచాడు. వైద్యం వల్ల అనుకునేవాడు అట్లా అనుకోవచ్చు, మంత్రం వల్ల అనుకునేవాడు ఇట్లా అనుకోవచ్చు.

గమనించండి, ఇందులో చేతబడికి మూలం ఆస్తి. దయ్యం తనంతట తాను రాలేదు, డబ్బు పిలిస్తే వచ్చింది. ఈ అంశం మన విమర్శలో తగినంత చర్చకు రాలేదని నా అభిప్రాయం.

చర్చకు వచ్చింది రెండు తలుపుల సంగతి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే విమర్శ గ్రంథం రాశారు. శాస్త్రాన్నీ మూఢనమ్మకాన్నీ ఒకే తక్కెడలో సమానంగా తూచి చూపటం శాస్త్రానికి జరిగిన అపచారమేనన్నది ఆ విమర్శలోని పదును. ఆ వివాదం న్యాయస్థానం దాకా కూడా పోయింది. ఒక నవల మీద రాసిన విమర్శ కోర్టు మెట్లెక్కటం తెలుగులో తరచుగా జరిగే పని కాదు. మార్క్స్ ‘పెట్టుబడి’ని తెలుగు పాఠకులకు పరిచయం చేసిన కలమే ఒక చేతబడి నవలను ఇంత సీరియస్‌గా తీసుకున్నదంటే, ఆ నవల ఎంతమంది ఇళ్ళల్లోకి చొరబడిందో ఊహించవచ్చు.

ఇక పాఠకులు. సోమందేపల్లె ఆనాడు అనంతపురం జిల్లాలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, బెంగుళూరు రోడ్డు మీద వుంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా. వేరుశనగ వేసి మబ్బుకేసి చూడటం రైతు పని. పట్టుమగ్గం గుంటలో కూర్చుని పోగులు లెక్కపెట్టటం నేతగాని పని. ఈ ఊళ్ళోనూ పెనుకొండలోనూ ఆనాడు ‘తులసిదళం’, ‘తులసి’ చదివిన కొందరిని ఈ వ్యాసకర్త కలిసి అడిగాడు. లెక్కలు తీయటానికి కాదు, వాళ్ళ మాట వినటానికి.

మగ్గం నేసిన ఒక పెద్దాయన ఇట్లా అన్నాడు: “మొదటిదాంట్లో డాక్టరు గెలిచినాడా, మంత్రగాడు గెలిచినాడా అని మగ్గాల కాడ మేం కొట్లాడుకునేటోళ్ళం సార్. ఒకడు చదివితే నలుగురం వినేది. రెండోదాంట్లో ఆ కొట్లాట లేదు. అంతా మంత్రమే. భయం ఎక్కువైంది, మాట తక్కువైంది.” రెండో భాగం ఆయన పూర్తిగా వినలేదట.

ఒక గృహిణి మాట వేరు. ఆమెకు డాక్టరూ అక్కర్లేదు, మంత్రగాడూ అక్కర్లేదు. “బతికిన బిడ్డ ఏమయిందో తెలుసుకోవాల కదా సార్. అందుకే చదివినా. బాగుందా బాగలేదా అని నేను చూడలే.” కొనసాగింపు నవలలు ప్రపంచంలో ఎక్కడైనా అమ్ముడుపోవటానికి కారణం ఈ ఒక్క వాక్యంలో వుంది. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో తోసి చంపితే, పాఠకుల ఒత్తిడికీ ప్రచురణకర్తల డబ్బుకూ లొంగి 1903లో మళ్ళీ బతికించవలసి వచ్చింది. మన మొక్కపాటి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. తర్వాతి భాగాలు మొదటిదానంత లేవని చెప్పుకుంటూనే జనం చదివారు.

మూడో మనిషి రిటైరయిన ఉపాధ్యాయుడు. వామపక్ష సంఘంలో పనిచేసినవాడు. పిల్లల సంచుల్లోంచి ఈ పుస్తకాలు లాక్కుని, రాత్రి తాను చదివి, పొద్దున తిట్టినవాడు. (అప్పట్లో ఈ పద్ధతి చాలా బళ్ళలో వుండేది.) ఆయన వాదం నన్ను ఆలోచింపజేసింది. “రెండోదే నయం. మొదటిదాంట్లో రచయిత రెండు పడవల మీద కాళ్ళు పెట్టి, శాస్త్రం పేరు చెప్పి మంత్రాన్ని నమ్మించినాడు. రెండోదాంట్లో ఆ ముసుగు తీసేసినాడు. ఇది కట్టుకథ అని చదివే పిల్లోనికి గూడా తెలిసిపోతాది. కట్టుకథని కట్టుకథగా చదివేదాంట్లో ప్రమాదం తక్కువ.”

తర్కం ప్రకారం చూస్తే ఉపాధ్యాయుని మాటే గట్టిది. రంగనాయకమ్మ విమర్శ సారాన్ని ఆయన రెండో భాగానికి అనుకూలంగా తిప్పాడు. ఇది వింతే అయినా అసంగతం కాదు. కాని నాకు నేతగాని మాట దగ్గరే మనసు ఆగింది. రచయిత ఏ ఉద్దేశంతో తలుపులు తెరిచి వుంచినా, ఆ మగ్గాల నడుమ అది వాదానికి చోటిచ్చింది. పుస్తకం మూసిన తర్వాత నలుగురు శ్రామికులు కార్యకారణ సంబంధం గురించి వాదించుకున్నారు. వాళ్ళు ఆ పదం వాడకపోవచ్చు. వాళ్ళకు కావలసిన పుస్తకం మనం ఇవ్వలేదు కాబట్టి ఆ పుస్తకంతోనే వాదించుకున్నారు. రెండో భాగం ఆ వాదాన్ని లాగేసుకున్నదని ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు మత్తులో వున్నవాడిది కాదు.

ఈ సందర్భంలో మన బేతాళుణ్ణి తలచుకోవటం అవసరం. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషువాడు 1870లో బేతాళ కథల్ని తన భాషలో అచ్చువేస్తూ బేతాళుణ్ణి ‘వాంపైర్’ అన్నాడు. అంటే రక్తపిశాచి. తప్పు పేరు. యూరపు రక్తపిశాచి గొంతు కొరుకుతుంది. మన బేతాళుడు ప్రశ్న అడుగుతాడు. తీర్పు చెప్పమంటాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుందంటాడు. చెపితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, మరో కథ మొదలవుతుంది. 1947 జులైలో మొదలయిన ‘చందమామ’ ఈ ఏర్పాటును పట్టుకుని, పాత కథలు అయిపోయిన తర్వాత కూడా కొత్తవి అల్లి, దశాబ్దాల తరబడి నెలనెలా నడిపింది. ఇంతకంటే పొడుగైన కొనసాగింపు మన భాషలో వెతికినా దొరకదు. అయినా పాఠకులు విసుగు చెందలేదు, ఎందుకంటే ప్రతిసారీ ప్రశ్న వుంది. భయం వల్ల పాఠకుడు మూఢుడవుతాడనుకోవటం పొరపాటు. ప్రశ్న లేని భయం సంగతి వేరు.

యూరపులో జరిగిందీ చూద్దాం. 1819లో పొలిడోరి రాసిన రక్తపిశాచి ఒక ప్రభువు. 1845–47 మధ్య లండనులో ‘వార్నీ’ అనే రక్తపిశాచి కథ వారం వారం పెన్నీకొక భాగం చొప్పున, కూలివాళ్ళు కొనుక్కోగల ధరకు వచ్చింది. వార్నీ చచ్చినప్పుడల్లా వెన్నెల తగిలి లేచి కూర్చునేవాడు. అమ్మకాలున్నంత కాలం వాణ్ణి చావనీయలేదు. చివరకు వాడు అగ్నిపర్వతంలో దూకి చచ్చాడు. మన వారపత్రికల సీరియల్‌కు ఇతడు ముత్తాత. 1897లో స్టోకర్ ‘డ్రాకులా’ వచ్చింది. అందులో కౌంటు కోటును కత్తితో చీరితే నెత్తురు కారదు, నోట్లూ బంగారు నాణేలూ రాలుతాయి. దానికి ముప్పయ్యేళ్ళ ముందే, 1867లో, మార్క్స్ ‘పెట్టుబడి’లో సజీవ శ్రమను పీల్చి బతికే పెట్టుబడికి రక్తపిశాచిని ఉపమానంగా తెచ్చాడు. వడ్డీవ్యాపారిని జలగ అనే మన పల్లె మాటకు అది దూరం కాదు.

అట్లాంటి రక్తపిశాచి 21వ శతాబ్దానికి వచ్చేసరికి పడుచుపిల్లల ప్రియుడైపోయాడు. అమెరికాలో స్టెఫెనీ మేయర్ 2005లో రాసిన ‘ట్విలైట్’లో నాయకుడు మనుషుల నెత్తురు తాగడు, ఖరీదయిన కారు నడుపుతాడు. 2006లో దాని రెండో భాగం ‘న్యూ మూన్’ వచ్చినప్పుడు అక్కడి పాఠకులూ చీలిపోయారు. నాయకుడు మొదట్లోనే నాయికను వదిలి పోతాడు, పుస్తకంలో ఎక్కువ భాగం కనపడడు. కొందరికి అది మోసం. కొందరికి వదిలివేయబడిన ఆడపిల్ల దుఃఖాన్ని నిజంగా పట్టుకున్న భాగం అదే. వియోగంలో బతుకే వద్దనుకునే నాయికను పిల్లలకు ఆదర్శంగా చూపుతారా అని స్త్రీవాదులు నిలదీశారు. అయినా ఆ నవలల ప్రతులు ప్రపంచమంతటా పది కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. 2009లో సినిమా వచ్చింది. భూస్వామ్యం రాక్షసుడుగా చూపిన ధనికుణ్ణి నేటి పెట్టుబడిదారీ సమాజం వరుడుగా చూపిస్తున్నది. ఈ ఒక్క మార్పు మీదనే ఎవరైనా పరిశోధన చేయవచ్చు. సోమందేపల్లెకు అతి సమీపాన ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ బస్సుల్లో పనికి పోయే పిల్లల ఫోన్లలో ఏ రక్తపిశాచి వున్నాడో మనకు తెలుసా?

పాఠకుణ్ణి వెనకేసుకొస్తున్నానని నవలను వెనకేసుకొస్తున్నట్టు కాదు. మన పల్లెల్లో ‘మందు పెట్టినారు’, ‘చేతబడి చేసినారు’ అనే మాట కథలో మాట కాదు. తెలంగాణలో బాణామతి చేశారనే నెపంతో మనుషుల పళ్ళూడగొట్టారు, ప్రాణాలు తీశారు. ఆ నేరం మోపబడినవాళ్ళు తరచుగా పేదలు, దళితులు, ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. పిల్లకు జ్వరం వస్తే డాక్టరు పదిమైళ్ళ దూరాన వుండి, మంత్రగాడు పక్కవీధిలో వున్నప్పుడు, రెండు తలుపులూ సమానంగా తెరిచి వుండవు. ఈ విషయం హైదరాబాదులో కూర్చుని రాసే రచయితకు తట్టకపోవచ్చు. కరువుసీమ తల్లికి రోజూ ఎదురయ్యేదే. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపిన తర్వాతగాని మహారాష్ట్రలో చేతబడి నిరోధక చట్టం రాలేదు. మన పొరుగున, సోమందేపల్లె నుంచి కూతవేటు దూరాన వున్న కర్ణాటక 2017లో అట్లాంటి చట్టం చేసింది. కాబట్టి రంగనాయకమ్మ కోపం అకారణమైనది కాదు. నేను కోరేదల్లా ఆ కోపంతో పాటు పాఠకుని ప్రశ్నకు చెవి ఒగ్గాలని. ‘నీవు మత్తులో వున్నావు’ అంటే నేతగాడు లేచిపోతాడు. ‘పిల్ల ఎవరి వల్ల బతికింది?’ అని అతనితో వాదానికి కూర్చుంటే రాత్రంతా కూర్చుంటాడు. ఆ వాదంలో డాక్టరు పక్షాన మాట్లాడటానికి మనవాళ్ళెవరైనా మగ్గాల దగ్గరికి పోయారా అన్నది నా అనుమానం.

ఈ చరిత్ర రాయటానికి ఒక ఆటంకం వుంది. ఆనాటి పాఠకుల అభిప్రాయాలకు ముఖ్యమైన ఆధారం వారపత్రికల ఉత్తరాల పేజీ. తెలుగు ఇళ్ళల్లో సీరియల్ పేజీల్ని చించి, సూదితో కుట్టి బైండు చేయించుకునేవారు. మిగిలిన పేజీలు పప్పుల పొట్లాలకు పోయేవి. అంటే నవల మిగిలింది, నవల మీద తగవు పొట్లాలయిపోయింది. అద్దె పుస్తకాల షాపులు మూతబడ్డాయి. 2020లో కరోనా దెబ్బకు అనేక పత్రికల అచ్చు ఆగిపోయింది. వేటపాలెం సారస్వత నికేతనంలోనూ, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ పాత పత్రికలు భద్రపరచి వున్నాయి. అనంతపురంలో ఎం.ఏ. తెలుగు చదివే విద్యార్థులెవరైనా ఒక వేసవి అక్కడ గడిపి, 1980వ దశకం నాటి సంచికల ఉత్తరాల పేజీలు తిరగేసి, ఎవరు ఏ ఊరి నుంచి ఏమి రాశారో దింపుకుని రాగలిగితే బాగుంటుంది. ముందుగా చూడవలసినవి ‘తులసి’ సీరియల్ ముగిసిన తర్వాత వచ్చిన రెండు మూడు నెలల సంచికలు.