హెర్నియా: వల దొరికింది, కండ దొరకలేదు

1867లో రోమ్ దగ్గర జరిగిన పోరులో ఒక కుర్ర డాక్టర్‌కి గజ్జల్లో బయొనెట్ దిగింది. బతికాడు. పేరు ఎడోర్డో బస్సీని. పదిహేడేళ్ల తర్వాత పాడువాలో గజ్జల హెర్నియాకి పొరలు పొరలుగా కుట్టే ఆపరేషన్ మొదలుపెట్టింది ఆయనే! విచిత్రం కదా.

కానీ పొట్ట గోడతో ఒక చిక్కుంది. బలహీనమైన కండని లాగి కుడితే దారం నిలుస్తుంది, కండ చిరుగుతుంది. పాత చీరకి కుట్టేసినట్టే. గట్టి కణజాలాన్ని మనమే తయారుచేయగలిగితే హెర్నియా గుట్టు విడిపోతుందని ఆ కాలంలోనే వియన్నా సర్జన్ బిల్‌రోత్ అన్నాడట.

కణజాలం రాలేదు, ప్లాస్టిక్ వచ్చింది. 1958లో అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ మెష్ వాడాడు. దాని రంధ్రాల్లోకి మన మచ్చ కణజాలమే అల్లుకుంటుంది. పాత కోత దగ్గర వచ్చే హెర్నియాల మీద 2000లో ఒక డచ్ అధ్యయనం వచ్చింది. మొదటిసారి రిపేర్ చేయించుకున్నవాళ్లలో, మూడేళ్లలో, ఉత్త కుట్లయితే 43 శాతం తిరగబెట్టాయి, మెష్ అయితే 24. తగ్గింది, సరే. 24 మాత్రం తక్కువా?

అందుకే మెష్ మీద మూలకణాలు వేసి ఎలుకల్లో చూస్తున్నారు. 1991లో వీటికి 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్' అని పేరుపెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, 2017లో ఆ పేరు మార్చండన్నాడు! ఇవి కొత్త కండగా మారడం కాదు, మందుల్లాంటి పదార్థాలు వదిలి పక్క కణాలతో పని చేయిస్తాయని ఆయన వాదన. కాబట్టి ఎవరైనా 'స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో హెర్నియా మూసేస్తాం' అంటే, డబ్బు కట్టేముందు మనుషుల మీద చేసిన ట్రయల్ చూపించమనండి.