అన్నం గుండిగలో దొరికిన చుట్టరికం

జూన్ నెలలో ఒక సాయంత్రం, మస్కట్‌లో అన్నదానం అయ్యాక ఒక పెద్ద గుండిగలో అన్నం మిగిలిపోయింది. "మూతపెట్టి ఉంచుదాం, పొద్దున పులిహోర కలుపుదాం" అన్నాను. వంటాయన ఒప్పుకోలేదు. "ఈ వేడికి పొద్దుటికి పాడైపోతుందండీ, చింతపండు కాపాడదు" అన్నారు. నాకు అరవై దాటాయి. సైన్సంతా ఇంగ్లీషులోనే చదివాను. అయినా ఆయన భయం ఎందుకో తెలియలేదు. ఇంటికొచ్చి చదివాను. ఆ చదువునే ఇక్కడ తెలుగులో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఆయన భయపడ్డ బాక్టీరియా పేరు బాసిల్లస్ సెరియస్. మట్టిలో ఉంటుంది, బియ్యంతో వంటింట్లోకి వస్తుంది. కష్టకాలంలో గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. ఆ నిద్రపోయే రూపాన్ని సిద్ధబీజం అంటారు. (ఈ మాట నేనూ కొత్తగా నేర్చుకున్నాను.) అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేలుకుని పెరుగుతుంది, వాంతులు తెచ్చే విషం చేస్తుంది. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు, పులుపుకీ పోదు. వంటాయన మాటే నిజమన్నమాట.

దీన్ని 1887లో ఇంగ్లండులో పెర్సీ ఫ్రాంక్లాండ్, గ్రేస్ ఫ్రాంక్లాండ్ దంపతులు ఒక పశువుల కొట్టంలోని గాలిలో కనుగొన్నారు. మైనంలా కనిపించింది కాబట్టి సెరియస్ అన్నారు. మనుషులకు హాని చేస్తుందని చాలాకాలం గట్టిగా ఎవరూ నమ్మలేదు. నార్వేలో వెనిలా సాస్ తిన్న చాలామందికి జబ్బు చేస్తే, స్టెయినార్ హాగె అనే ఆయన ఈ బాక్టీరియాను పెంచిన సాస్‌ను తానే తాగి, జబ్బుపడి, 1950లో సంగతి రాశారు. ఇలాంటి ధైర్యం నాకు నచ్చదు కానీ, ఆయన మాట మాత్రం నిలిచింది.

దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది, బాసిల్లస్ ఆంత్రాసిస్. మన ఊళ్ళలో గొర్రెలకు, పశువులకు వచ్చే దొమ్మ రోగం దీనివల్లే. చచ్చిన పశువును కోసినవారికి చర్మం మీద నల్లటి పుండ్లు వస్తాయి. రాబర్ట్ కోఖ్ 1876లో దీని సిద్ధబీజాలను చూసి, పశువులను పూడ్చిన నేల ఏళ్ళ తరబడి ఎందుకు ప్రమాదమో చెప్పగలిగాడు.

మూడోది పురుగులను చంపుతుంది. జపాన్‌లో ఇషివాటా 1901లో, చనిపోతున్న పట్టుపురుగుల్లో చూశారు. జర్మనీలో బెర్లినర్ 1911లో, థురింజియా ప్రాంతపు పిండిమర నుంచి వచ్చిన చిమ్మట పురుగుల్లో మళ్ళీ కనుగొని, 1915లో బాసిల్లస్ థురింజియెన్సిస్ అని పేరు పెట్టారు. ఇది సిద్ధబీజం పక్కనే ఒక స్ఫటికం, అంటే పటికబెల్లం ముక్కలాంటి ప్రొటీన్ గడ్డ, తయారు చేస్తుంది. గొంగళిపురుగు దాన్ని తింటే పేగు చెడిపోతుంది. 2002లో మన దేశంలో అనుమతించిన బీటీ పత్తిలోని "బీటీ" ఈ పేరే. గుంటూరు, వరంగల్ రైతులకు ఈ రెండక్షరాలు బాగా తెలుసు, వెనకున్న పిండిమర కథ తెలియకపోవచ్చు.

అన్నానికి ఒకటి, పశువుకు ఒకటి, పురుగుకు ఒకటి. ఎవరికి హాని చేస్తే ఆ హానిని బట్టి మూడు పేర్లు. తీరా చూస్తే తేడా ప్రధానంగా చిన్న డీఎన్ఏ వలయాల్లో ఉంది. వీటిని ప్లాస్మిడ్లు అంటారు. స్ఫటికం వంటకం సాధారణంగా ఒక వలయంలో రాసి ఉంటుంది. అది పోతే పురుగులను చంపేది సెరియస్‌లా కనిపిస్తుంది. ఆ వలయం సెరియస్‌లోకి వెళ్ళగలదని 1980ల మొదట్లో చూపించారు. దొమ్మ రోగానికి రెండు వలయాలు కావాలి. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ ఒక వలయం లేని రకంతో పశువులకు టీకా తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

2000లో నార్వే పరిశోధకులు జన్యువులను పోల్చి, ఈ మూడూ ఒకే జాతి అన్నారు. శాస్త్రంగా సరైనదే అనిపిస్తుంది. కానీ డాక్టరు చేతికి వచ్చిన రిపోర్టులో దొమ్మ రోగమూ అన్నం వాంతులూ ఒకే పేరుతో ఉంటే? అందుకే పేర్లు ఇంకా పోలేదు, వాదన కూడా పోలేదు. నేను డాక్టరు వైపే ఉన్నాను.

ఇప్పుడు మా వంటశాలలో మిగిలిన అన్నాన్ని వెంటనే వెడల్పు పళ్ళాల్లో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. గుండిగకు మూత పెట్టే పని నాకు ఇవ్వడం లేదు.