రీల్స్ పుట్టక ముందే ఒక హోమ్ టూర్: కార్ల్, కారిన్ల చెక్క ఇల్లు



ఈ మధ్య మీ ఫీడ్‌లో కూడా ఇదే వస్తూ ఉంటుంది. ఒక జంట ఉంటారు. ఊరికి దూరంగా, కొండల్లోనో అడవిలోనో ఒక పాత చెక్క ఇల్లు దొరుకుతుంది. మొదటి సీన్‌లో అంతా బూజు, విరిగిన కిటికీలు. తర్వాత ఆయన సుత్తి పట్టుకుంటాడు, ఆవిడ పెయింట్ బ్రష్ పట్టుకుంటుంది. 60 సెకన్లలో తెల్ల గోడలు, కిటికీలో మొక్కలు, చారల రగ్గు, సోఫా పక్కన నిద్రపోతున్న కుక్క. మనం ఇక్కడ అద్దె 2బీహెచ్‌కేలో, గోడకి ఒక మేకు కొట్టాలన్నా ఓనర్ పర్మిషన్ అడుగుతూ, ఆ వీడియోని మూడోసారి చూస్తుంటాం.

నేనూ చూస్తాను. ఒకరోజు అర్ధరాత్రి అలా చూస్తుంటే ఒక డౌట్ వచ్చింది. ఈ "లుక్" అసలు ఎక్కడిది? ఎక్కడ చూసినా అవే తెల్ల గోడలు, అవే చారలు, అదే కుక్క ఎందుకు? వెతుక్కుంటూ పోతే స్వీడన్‌లో ఒక నది పక్కన ఉన్న ఇంటి దగ్గర తేలాను. ఆ ఇంటిని బాగు చేసుకున్న జంట పేర్లు కార్ల్ లార్సన్, కారిన్ లార్సన్. వాళ్ళ "హోమ్ టూర్" 1899లో పుస్తకంగా వచ్చింది. ఈరోజు కథ వాళ్ళదే. బయటికి చాలా స్వీట్‌గా కనిపిస్తుంది కానీ, లోపల అంత స్వీట్ కాదు.

ముందు కార్ల్ గురించి. 1853లో స్టాక్‌హోమ్‌లో, కటిక పేదరికంలో పుట్టాడు. తండ్రి కూలి పని చేసేవాడు, తాగేవాడు, కొడుకంటే ప్రేమ లేదు. కొడుకు పుట్టిన రోజునే తిట్టుకున్న తండ్రి అని కార్ల్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. తల్లి జనాల బట్టలు ఉతికి ఇల్లు నెట్టుకొచ్చేది. ఒక గదిలో చాలామంది ఇరుక్కుని బతికే చోట పెరిగాడు, గూడు లేకుండా రోడ్డున పడ్డ రోజులు కూడా ఉన్నాయి. పేదపిల్లల బడిలో ఒక టీచర్ వీడిలో బొమ్మలేసే చెయ్యి ఉందని గుర్తించి, 13 ఏళ్లకి ఆర్ట్ అకాడమీ వాళ్ళ స్కూల్‌కి అప్లై చేయించాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది: ఇల్లు అనేది ఎలా ఉంటుందో తెలియకుండా పెరిగిన మనిషి ఇతను.

కారిన్ పూర్తిగా రివర్స్. 1859లో పుట్టింది. తండ్రి అడాల్ఫ్ బెర్యో బాగా సంపాదించిన వ్యాపారి. ఇంట్లో చదువుకి, బొమ్మలకి అడ్డు లేదు. 1877 నుంచి 1882 దాకా స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఆర్ట్ అకాడమీలో పెయింటింగ్ నేర్చుకుంది. ఈ పాయింట్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఈమె "ఆర్టిస్ట్ భార్య" కాదండీ. పెళ్ళికి ముందే ట్రైనింగ్ పూర్తయిన ఆర్టిస్ట్.

ఇద్దరూ కలిసింది 1882లో, ఫ్రాన్స్‌లో పారిస్ దగ్గర ఉన్న గ్రే అనే ఊళ్ళో. స్కాండినేవియా నుంచి వచ్చిన ఆర్టిస్టులంతా అక్కడ ఒక అడ్డా పెట్టుకున్నారు. అప్పటికి పారిస్‌లో కార్ల్‌కి పెద్దగా ఏమీ కలిసిరాలేదు. గ్రేలో రెండు మార్పులు జరిగాయి. ఆయిల్ పక్కన పెట్టి వాటర్‌కలర్ పట్టుకున్నాడు, కారిన్‌ని ప్రేమించాడు. 1883లో పెళ్ళి. 1884లో మొదటి పాప సుజాన్. ఆ తర్వాత కారిన్ పెయింటింగ్ దాదాపుగా ఆపేసింది.

ఎందుకు ఆపింది? ఒక ఇంట్లో ఇద్దరు పెయింటర్లు ఉంటే, పిల్లలు పుట్టాక బ్రష్ కింద పెట్టేది ఎవరు అన్నది ఆ రోజుల్లో ప్రశ్నే కాదు. మొత్తం ఎనిమిది మంది పిల్లలు. ఆ లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. 1888లో కారిన్ తండ్రి వీళ్ళకి ఒక ఇల్లు ఇచ్చాడు. డాలార్నా ప్రాంతంలో, ఫాలున్ అనే ఊరి దగ్గర, సుండ్‌బోర్న్ అనే పల్లెలో. హిమాలయాల్లాంటి కొండ ఊహించుకోకండి. అడవులు, గుట్టలు, చెరువులు, ఇంటి వెనక నది. దుంగలు పేర్చి కట్టిన చిన్న ఇల్లు. పేరు లిల్లా హిట్‌నేస్. "హిట్టా" అంటే రాగి కరిగించే కొలిమి. ఫాలున్‌లో వందల ఏళ్లు నడిచిన రాగి గని ఉంది కదా, ఆ చుట్టుపక్కల పల్లెల్లో రాగి కరిగించేవాళ్ళు. స్వీడన్ అనగానే గుర్తొచ్చే ఎర్ర చెక్క ఇళ్ళు చూశారు కదా, ఆ ఎరుపు కూడా ఈ గని నుంచి వచ్చిందే. రాగి తీశాక మిగిలిన మట్టిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, దాంతో చేసే రంగు. మన దగ్గర అరుగులకి, గోడలకి పూసే జాజు ఉంది చూడండి, దానికి దూరపు చుట్టం అనుకోండి. అందంతో పాటు చెక్కని కాపాడుతుంది కూడా.

మొదట్లో అది సమ్మర్ హౌస్ మాత్రమే. సెలవులకి వస్తారు, ఏదో ఒకటి మారుస్తారు, వెళ్తారు. 1901లో గానీ పూర్తిగా మకాం మార్చలేదు. అంటే ఆ రెనోవేషన్ 60 సెకన్లది కాదు, ఏళ్ల తరబడి సాగింది. డబ్బు ఉన్నప్పుడు ఒక గది, పిల్లాడు పుట్టినప్పుడు ఇంకో గది. తర్వాత కార్ల్‌కి పెద్ద స్టూడియో కట్టుకుని, పాత స్టూడియోని కారిన్‌కీ పిల్లలకీ పని గదిగా మార్చారు. అక్కడే మగ్గం.

అప్పట్లో స్వీడన్‌లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళు ఎలా ఉండేవో తెలిస్తేనే వీళ్ళు చేసింది ఎంత తేడానో తెలుస్తుంది. ముదురు రంగు గోడలు, బరువైన వెల్వెట్ పరదాలు, నల్లటి పెద్ద ఫర్నిచర్. అతిథుల కోసం దాచిపెట్టే గది, పిల్లలకి అందులోకి నో ఎంట్రీ. మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ కవర్ తీయని సోఫా లాంటిదన్నమాట. స్వీడన్‌లో చలికాలం పగలు కొద్ది గంటలే ఉంటుంది, ఆ కాస్త వెలుతురుని కూడా పరదాలేసి ఆపేసేవాళ్ళు.

వీళ్ళు ఆ పరదాలు పీకేశారు. కిటికీల్లో మొక్కలు పెట్టారు. వంద ఏళ్ల నాటి పాత కుర్చీలకి తెల్ల రంగు వేసి, పైన నీలం తెలుపు చారల గుడ్డ కుట్టారు. డైనింగ్ రూమ్‌కి ఎరుపు, ఆకుపచ్చ. నేల మీద చింకి గుడ్డలతో నేసిన రగ్గులు. మన అమ్మమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టినట్టే. కార్ల్ గదిలో అయితే మంచం గోడకి ఆనించి కాదు, గది మధ్యలో ఉంటుంది. కార్ల్ తలుపుల మీద బొమ్మలు వేశాడు, గోడల మీద రాతలు రాశాడు. పిల్లలు ఇంట్లో ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

మగ్గం మీద కారిన్ నేసినవి చూస్తే అసలు ఆశ్చర్యం వేస్తుంది. 1900ల మొదట్లో నేసినవి ఇవ్వాళ షోరూమ్‌లో పెట్టినా పాతగా అనిపించవు. డైనింగ్ రూమ్ కోసం 1903లో నేసిన "నాలుగు భూతాలు" అనే వస్త్రం ఉంది (మనకి పంచభూతాలు, యూరప్ లెక్కలో నాలుగే). అది దాదాపు అబ్‌స్ట్రాక్ట్ డిజైన్. అప్పటికి పెయింటింగ్‌లో అబ్‌స్ట్రాక్ట్ అనే మాట ఇంకా జనాల నోళ్ళలో పడలేదు. తన గదికీ కార్ల్ గదికీ మధ్య గుమ్మంలో వేలాడదీసిన తెర కూడా తనే తయారుచేసింది, పేరు "ప్రేమ గులాబీ". ఒక ఊగే కుర్చీ కూడా డిజైన్ చేసింది. అడ్డపట్టీలతో, ఎలాంటి నగిషీ లేకుండా. దాన్ని చేసిన ఊరి వడ్రంగికి అది ఎంత వికారంగా అనిపించిందంటే, పగలు మోసుకెళ్తే జనం చూసి నవ్వుతారని చీకటి పడ్డాక తెచ్చి ఇచ్చాడని చెప్పుకుంటారు. నాకు ఆ వడ్రంగి అంటే చాలా ఇష్టం. డెలివరీ మాత్రం ఆపలేదు చూడండి.

సరే, ఇదంతా బయటి ప్రపంచానికి ఎలా తెలిసింది? 1894 వేసవిలో ఒకటే వాన. బయట కూర్చుని బొమ్మలు వేసుకునే కార్ల్ ఇంట్లో ఇరుక్కుని చిరాకు పడుతుంటే, ఇల్లే బొమ్మ వెయ్యొచ్చుగా అని కారిన్ సలహా ఇచ్చిందంటారు. మొదలుపెట్టాడు. అల్లరి చేసి మూలన కూర్చోబెట్టబడ్డ కొడుకు, ఖాళీ సోఫా ముందు నేల మీద నిద్రపోయే కుక్క, కిటికీలో పూలకి నీళ్ళు పోసే పాప. 1897లో స్టాక్‌హోమ్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు. 1899లో 24 వాటర్‌కలర్లతో "ఎట్ హెమ్" అనే పుస్తకం వచ్చింది. అంటే "ఒక ఇల్లు", అంతే. కలర్ ప్రింటింగ్ టెక్నాలజీ సరిగ్గా అప్పుడే మెరుగుపడుతుండటం వీళ్ళ అదృష్టం. 1909లో జర్మన్‌లో "ఎండలో ఇల్లు" అనే అర్థం వచ్చే పేరుతో చవక ఎడిషన్ వేస్తే, మూడు నెలల్లో 40 వేల కాపీలు పోయాయి. ఇప్పటి భాషలో, ఇల్లు వైరల్ అయింది.

వైరల్ అయితే తర్వాత ఏమొస్తుందో మీకు తెలుసు. "అంతా ఫేక్" అనే కామెంట్. ఆ కామెంట్ పెట్టింది ఎవరో అనామకుడు కాదు, స్వీడన్‌లోనే అతి పెద్ద రచయిత, గ్రే రోజుల నాటి స్నేహితుడు ఆగస్ట్ స్ట్రిండ్‌బెర్గ్. 1908లో తన పుస్తకంలో, కార్ల్ అంటే నటన, ఆ సంతోషమంతా అబద్ధం అన్నట్టు రాసిపడేశాడు. కారిన్‌ని కూడా వదల్లేదు. కార్ల్ కోపంతో కత్తి పట్టుకుని స్టాక్‌హోమ్ వీధుల్లో అతని కోసం తిరిగాడట. దొరకలేదు, మంచిదే అయింది.

మరి నిజంగా ఫేకా? నాకైతే అలా అనిపించదు. కానీ ఫ్రేమ్‌లోకి రానివి చాలా ఉన్నాయి. కార్ల్‌కి డిప్రెషన్ ఉండేది, అది వచ్చినప్పుడు ఇంట్లో వాళ్ళు భరించాల్సిందే. పిల్లల్లో మాట్స్ పసివాడిగానే చనిపోయాడు. పెద్ద కొడుకు ఉల్ఫ్ 1905లో, 18 ఏళ్లకి పోయాడు. అవి ఆ పుస్తకాల ఎండలో కనపడవు. ఇల్లు ఎలా ఉంటుందో తెలియని పిల్లాడు పెద్దయ్యాక, తనకి కావాల్సిన ఇంటిని కాగితం మీద వేసుకుంటూ పోయాడు. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. అలాగే ఆ ఇంట్లో పనివాళ్ళు ఉండేవాళ్ళు. ఎనిమిది మంది పిల్లల తల్లికి మగ్గం ముందు కూర్చునే టైమ్ ఎలా దొరికింది అన్న ప్రశ్నకి సగం జవాబు వాళ్ళే. కొన్ని బొమ్మల్లో కార్ల్ వాళ్ళని కూడా వేశాడు, అది మెచ్చుకోవాలి.

కానీ అసలు అన్యాయం ఇంకోటి ఉందని నా ఫీలింగ్. ఆ పుస్తకాల కవర్ మీద పేరు కార్ల్ లార్సన్. బొమ్మ కింద సంతకం కార్ల్ లార్సన్. ఆ బొమ్మలో ఉన్న కుర్చీ గుడ్డ, టేబుల్ మీద పరిచిన వస్త్రం, పిల్లల బట్టలు, కిటికీలో మొక్కల అమరిక... వీటిలో ఎన్నో కారిన్ చేతి పనే. ఆఫీస్‌లో కోడ్ రాసింది ఒకరు, డెమో ఇచ్చింది ఇంకొకరు అయినప్పుడు అప్రైజల్ ఎవరికి వస్తుందో నాకు బాగా తెలుసు కాబట్టి ఈ కథ కొంచెం గట్టిగా తగిలింది. కార్ల్ ఆమె అభిరుచిని మెచ్చుకున్నాడు, నిజమే. అయినా బయట ఆమెని డిజైనర్‌గా గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. 1997లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు, టైటిల్‌లో ఇద్దరి పేర్లూ వేసి, స్వీడిష్ స్టైల్‌ని సృష్టించింది ఈ ఇద్దరూ అని రాశారు. కార్ల్ చనిపోయింది 1919లో. కారిన్ 1928లో.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2018 ఆగస్ట్ 9న హైదరాబాద్‌లో, హైటెక్ సిటీ పక్కన, దేశంలోనే మొదటి ఐకియా స్టోర్ తెరిచారు. ఆ రోజు ట్రాఫిక్ గుర్తుందా? లోపల వరసగా అమర్చిన చిన్న చిన్న గదులు, లేత రంగు చెక్క, తెల్ల అల్మరా, చారల రగ్గు, పిల్లలు పాకుతూ ఆడుకునే లివింగ్ రూమ్. చాలామంది కొనడానికి కాదు, ఆ గదుల్లో కూర్చుని ఫొటో దిగడానికే వెళ్ళారు. ఆ కంపెనీ పుట్టింది 1943లో, లార్సన్లు పోయిన చాలా ఏళ్లకి. కానీ "స్వీడిష్ ఇల్లు అంటే ఇలా వెలుతురుగా, సింపుల్‌గా ఉంటుంది" అనే బొమ్మ జనాల బుర్రల్లోకి ఎక్కడి నుంచి వచ్చింది అంటే, డిజైన్ చరిత్ర రాసేవాళ్ళు మొదట చూపించే ఇళ్ళలో సుండ్‌బోర్న్ ఇల్లు ఒకటి.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. లార్సన్ల వారసులే ఒక సంఘంగా ఏర్పడి నడుపుతున్న మ్యూజియం అది. టికెట్ కొనుక్కుని గైడ్‌తో లోపలికి వెళ్ళొచ్చు. నేను ఇంకా వెళ్ళలేదు, వీసా, టికెట్లు, చలి అన్నీ లెక్కేసుకుని ఫోటోలతో సరిపెట్టుకున్నాను. ఎప్పటికైనా వెళ్తే మాత్రం ముందు పెయింటింగుల దగ్గరికి కాదు, ఆ వడ్రంగి చీకట్లో మోసుకొచ్చిన కుర్చీ దగ్గరికే పోతాను.

మీ ఇంట్లో కూడా ఇలా ఎవరో కుట్టిన బొంతో, అల్లిన తోరణమో ఉంటే, అది ఎవరి చేతి పనో పేరుతో సహా కామెంట్లో రాయండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటానండీ.