చదివింపులు

తెలుగువారి పెళ్లిళ్లలో బంధుమిత్రులు వధూవరులకు ఇచ్చే నగదు కానుకలను చదివింపులు అంటారు. చాలా ఊళ్లలో కట్నాలు అన్నా ఇవే. వరకట్నంతో వీటికి సంబంధం లేదు. పందిట్లో ఒకరు నోటుపుస్తకంతో కూర్చుని ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం రాసుకుంటారు. ఆ వివరాలను అందరికీ వినపడేలా చదవడం పాత పద్ధతి. పట్నాల్లోని ఫంక్షన్ హాళ్లలో ఇప్పుడు ఎక్కువగా కవర్లే కనిపిస్తాయి.

116, 516, 1,116 తెలుగునాట స్థిరపడిన అంకెలు. సున్నాతో ముగిసే మొత్తం శుభకార్యానికి తగదని నమ్మకం. ఉత్తర భారతంలో ఇదే నమ్మకం 101, 501 రూపాలు తీసుకుంది. 116కు నిజాం కాలపు మారకాన్ని కారణంగా చెప్పేవారున్నారు: అప్పట్లో ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ సిక్కాలు (నిజాం రూపాయలు), అంటే నూటికి దాదాపు 116.

ఎంత చదివించాలన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు బీరువాలోని పాత పుస్తకంలో దొరుకుతుంది. మన పెళ్లిలో వాళ్లెంత రాయించారో చూసి, అంతకు తగ్గకుండా, వీలైతే కాస్త కలిపి ఇస్తారు. ఇరవై ఏళ్ల కిందటి 516ను ఇవాళ అలాగే తిరిగి ఇస్తే లెక్క సరిపోయినట్టు కనిపిస్తుంది కానీ విలువ సరిపోదు. అందుకే పెరిగిన ధరలనూ చూస్తారు.

రెండో కొలత చుట్టరికం. మేనమామ, పెదనాన్న, పిన్ని వరస వాళ్లు స్నేహితులకంటే ఎక్కువ ఇస్తారని అందరూ అనుకుంటారు. మేనమామ బట్టలో బంగారమో పెడితే నగదు తగ్గినా ఎవరూ తప్పుపట్టరు. ఉమ్మడిగా ఉన్న ఇంటికి ఒకే పద్దు. అన్నదమ్ములు వేరుపడితే ఎవరి చదివింపు వారిదే. ఇన్ని కొలతలున్నా చివరి మాట ఇచ్చేవారి తాహతుదే కావాలి. పెళ్లి ఖర్చుకు చేదోడుగా పుట్టిన ఆచారం కోసం ఒక ఇల్లు అప్పు చేయడం దాని ఉద్దేశానికే విరుద్ధం.

తమిళనాట ఇలాంటి ఆచారం పేరు మొయ్. పుదుక్కోట్టై, తంజావూరు ప్రాంతాల్లో పెళ్లితో పనిలేకుండా మొయ్ విందులు పెట్టి డబ్బు కూడబెట్టుకుంటారు. తీసుకున్నది తర్వాత ఇచ్చినవాళ్ల విందుల్లో తిరిగి ఇవ్వాలి. జపాన్‌లో పెళ్లి కానుకకు 30,000 యెన్లు సాధారణం. రెండుగా విడిపోయే సరి అంకెతో మొదలయ్యే మొత్తాలను అక్కడ సాధారణంగా మానుకుంటారు. చైనాలో మాత్రం సరి సంఖ్యలే శుభం, నాలుగు తప్ప.

భారత చట్టాలూ ఈ కానుకలను పట్టించుకున్నాయి. ఆదాయపు పన్ను చట్టం వధూవరులకు పెళ్లి సందర్భంగా వచ్చిన కానుకలకు మినహాయింపు ఇచ్చింది. ఇచ్చినవారు బంధువులు కాకపోయినా అది వర్తిస్తుంది. అదే సందర్భంలో తల్లిదండ్రుల చేతికి స్నేహితులు ఇచ్చే సొమ్ముకు ఈ వెసులుబాటు లేదు. ఒకే వేడుకకు ఒకే వ్యక్తి నుంచి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు, వధూవరులకు అందిన కానుకల జాబితాలో వాటి విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి సంతకం చేయాలంటాయి. ఊరి చదివింపుల పుస్తకంలో ఈ వివరాలు చాలావరకు ముందే ఉంటాయి.