పొగని వెనక్కి నెట్టిన ఇంజన్

స్టీమ్ ఇంజన్ అనగానే మన జెహన్‌లో ఒకటే నఖ్షా. ముందు పొగగొట్టం, తర్వాత పొడుగాటి బాయిలర్, దాని వెనక డ్రైవర్ గది, ఆ వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్. దాదాపు దునియా అంతటా ఇదే తరీఖా. అమెరికాలో సదరన్ పసిఫిక్ రైల్వే మాత్రం దీన్ని ఉల్టా చేసింది. డ్రైవర్ గది ముందుకొచ్చింది, పొగగొట్టం వెనక్కి పోయింది. షౌక్‌తో చేసిన పని కాదిది, మజ్బూరీ.

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పహాడ్‌లు దాటే దారి అది. డోనర్ పాస్ దగ్గర మంచు ఇంటి కప్పుల్ని మించి పడుతుంది. పట్టాలు మూసుకుపోకుండా 30 మైళ్లకు పైగా చెక్క షెడ్లు కట్టారు. వాటికి తోడు సొరంగాలు. 1909లో బాల్డ్‌విన్ కంపెనీ నుంచి భారీ మాలెట్ ఇంజన్లొచ్చాయి. తాఖత్ ఎంతో పొగా అంతే. ఎత్తెక్కే బండి నెమ్మదిగా పోతుంటే, ఆ షెడ్లలో వేడికీ పొగకీ డ్రైవర్‌కీ ఫైర్‌మన్‌కీ ఊపిరాడేది కాదు. కొందరు ఇంజన్ని వెనక్కి తిప్పి నడిపారు. పొగ తప్పింది గానీ టెండర్ అడ్డొచ్చి దారి కనపడలేదు.

అప్పుడు కంపెనీ అసలు నమూనానే మార్చమంది. ఇది ముమ్కిన్ కావడానికి ఒక్కటే కారణం: ఆ ఇంజన్లు మండించేది బొగ్గు కాదు, నూనె. బొగ్గయితే టెండర్ నుంచి పారతో ఎత్తి పొయ్యిలో వేయాలి, గది టెండర్‌ని ఆనుకునే ఉండాలి. నూనెకి గొట్టం చాలు. టెండర్‌లోని నూనెని గాలి ఒత్తిడితో ఇంజన్ పొడుగునా ముందుకి పంపారు.

ఖత్రా లేదని కాదు. ఢీకొంటే అడ్డుగా బాయిలర్ ఉండదు. నూనె పట్టాల మీద కారితే చక్రాలు జారేవి. అయినా 1910 నుంచి ఇలాంటివి 250కి పైగా వచ్చాయి. అదే కంపెనీ 1939లో బొగ్గుతో నడిచే ఏసీ-9 రకం కొన్నప్పుడు, గదిని మామూలుగా వెనకే పెట్టించింది. అంటే జిద్దు ఏమీ లేదు. జాగాని బట్టి, ఇంధనాన్ని బట్టి ఫైసలా.

1944లో తయారైన ఆఖరి ఇంజన్ 4294 ఇప్పటికీ శాక్రమెంటో రైల్వే మ్యూజియంలో ఉంది. ఎదురుగా నిలబడితే పొగగొట్టం కనపడదు. మజ్దూర్లు ఊపిరి పీల్చుకున్న గది కిటికీలు కనపడతాయి.