రేగడి నేల నేర్పిన చదువు

భూగోళశాస్త్ర గ్రంథాలలో నల్లమట్టికి ‘రెగర్’ అనే పేరు కనిపిస్తుంది. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది తెలుగు ‘రేగడ’ నుంచే. తమిళనాడులోని కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాలలో ఈ నేలను ‘కరిసల్’ అంటారు. శతాబ్దాల క్రితం అక్కడ స్థిరపడిన తెలుగు రైతులు ఆ నేలపై ఎలా నిలదొక్కుకున్నారో, ఆ విద్యను పిల్లలకు ఏ విధంగా అందించారో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

విజయనగర పాలన దక్షిణానికి విస్తరించిన కాలంలోనూ, 1529 నుంచి 1736 వరకు సాగిన మధుర నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు విడతలు విడతలుగా తమిళదేశానికి తరలివెళ్ళాయి. వారిలో సైనికులూ అధికారులూ ఉన్నారు. సామాన్య రైతులూ ఉన్నారు. తామ్రపర్ణి ఒడ్డున, చెరువుల కింద ఉన్న మంచి మాగాణి అప్పటికే సాగులో ఉంది. కొత్తగా వచ్చిన రైతులు ఎక్కువగా స్థిరపడింది వర్షాధారమైన మెట్ట నేలల్లో. తిరునెల్వేలి ప్రాంతపు వ్యవసాయ చరిత్రపై 1985లో గ్రంథం వెలువరించిన డేవిడ్ లడెన్, తెలుగు వలసలకూ నల్లరేగడి సాగుకూ గల సంబంధాన్ని చర్చించారు.

రేగడి సులభంగా లొంగే నేల కాదు. తడిస్తే కాలు దిగబడుతుంది, నాగలి సాగదు. ఎండితే రాయిలా బిగిసి నెర్రెలు బారుతుంది. ఈ రెంటికీ నడుమ దున్నటానికి అనువైన రోజులు కొన్నే. ఆ స్థితికి తెలుగు రైతు పెట్టిన పేరు ‘పదును’. పదునులో విత్తితే రేగడి తాను దాచుకున్న తేమతోనే పైరును చాలాకాలం నిలబెడుతుంది. ఈశాన్య రుతుపవనాలను నమ్ముకొని పత్తి, సజ్జ, జొన్న పండించటం దీనివల్లనే సాధ్యమయింది. పదును వచ్చిందో లేదో పుస్తకం చూసి తెలుసుకునేది కాదు, మట్టిని పిడికిట పట్టి చూడవలసిందే. పెద్దల వెంట పొలానికి వెళ్ళిన పిల్లవాడు ఆ మాటనూ ఆ స్పర్శనూ ఒకేసారి నేర్చుకునేవాడు. పల్లె చదువు పద్ధతి అదే.

అయితే స్వావలంబన అంటే ఎవరితోనూ సంబంధం లేకపోవటం కాదు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి లేనిదే సేద్యం లేదు. కలుపు తీసి పత్తి ఏరిన స్త్రీల శ్రమా, సెంటు భూమి లేని కూలీల శ్రమా లేనిదే ఏ రైతు ఇల్లూ నిలవలేదు. ఆ శ్రమకు తగిన గౌరవం దక్కలేదన్నది కూడా చరిత్రే. పైగా ఈ ఊళ్ళ పత్తి తూత్తుకుడి రేవు మీదుగా విదేశాలకు వెళ్ళేది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం పత్తి ధరలను పెంచినప్పుడు దాని ప్రభావం దక్షిణాది పొలాల దాకా వచ్చింది.

ఈ జీవితాన్ని అక్షరబద్ధం చేసినవారిలో ప్రముఖులు కి. రాజనారాయణన్ (1923-2021). కోవిల్‌పట్టి సమీపాన ఇడైసేవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఏళ్ళ తరబడి సేద్యం చేశారు. రచనలన్నీ తమిళంలోనే సాగించారు. 1976లో వెలువడిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ తెలుగునాటి నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు అడవి కొట్టి ఊరు నిర్మించుకున్న కథ. ఇటువంటి వలస గాథలు పలు కులాలలో వినిపిస్తాయి గనుక దానిని సంఘటనల చరిత్రగా కాక, ఒక సమాజపు జ్ఞాపకంగా చదవటం మేలు. దాని తరువాయి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి లభించింది. కరిసల్ ప్రాంతపు తమిళ మాటలతో ఆయన నిఘంటువు కూర్చారు. బడి వదిలిన ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆచార్యుడిగా ఆహ్వానించింది.

తెలుగులో ఇటువంటి కృషి అంతకు ముందే మొదలయింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో వచ్చింది. కాని ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితం. ఎల్లకు ఇవతల మిగిలిన మన ఇళ్ళ మాటలు అందులో చేరలేదు. ఇప్పుడు ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. శివకాశి, సాత్తూరు వైపు యువకులు అగ్గిపెట్టెల, బాణసంచా పనులలోకి మళ్ళారు. పని పోయిన చోట పనిముట్టు పేరు ఒక తరానికి మించి నిలవదు. ఆ పేరుతో పాటు దాని వెనుక ఉన్న తెలివీ పోతుంది.

కనుక మన విద్యార్థులకు ఒక విన్నపం. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు తాతను పొలానికి తీసుకువెళ్ళి అడగండి, అవ్వను వంటింట్లో కూర్చొని అడగండి. ఒక్కొక్క మాటనూ అది వచ్చే వాక్యంతో సహా రాసుకోండి. పనిముట్టయితే బొమ్మ గీయండి. తెలుగు లిపి రానివారు తమిళ, కన్నడ, ఒడియా లిపులలో రాసినా ఫరవాలేదు. తమిళ లిపిలో క-గ, త-ద వంటి భేదాలు కనిపించవు గనుక పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. మీ ఇంటి తెలుగు ‘తప్పు తెలుగు’ అని ఎవరైనా అంటే సిగ్గుపడకండి. వాన కోసం ఎదురుచూసే నేలపై కొన్ని వందల ఏళ్ళు మన పెద్దలను బతికించిన భాష అది.