శరణార్థి అంటే ఎవరు? సరిహద్దు దాటని గుత్తికోయలను ఏమనాలి?

ప్రాణభయంతో ఊరు వదిలి వచ్చేశారు. ఇల్లు, పొలం అన్నీ అక్కడే ఉండిపోయాయి. అయినా వాళ్లు శరణార్థులు కాదు. ఎందుకంటే వాళ్లు దాటింది రాష్ట్ర సరిహద్దే కానీ దేశ సరిహద్దు కాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల పరిస్థితి ఇదీ. ఏటా జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినోత్సవం. మరి అసలు శరణార్థి అంటే ఎవరు? ఇలాంటి వాళ్లకు వర్తించే చట్టమేంటి?

శరణార్థి ఎవరు?

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం దీనికి నిర్వచనం ఇచ్చింది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఏదైనా సామాజిక వర్గానికి చెందడం.. ఈ కారణాలతో తనను హింసిస్తారన్న భయంతో సొంత దేశం బయట ఉండి, తిరిగి వెళ్లలేని వ్యక్తి శరణార్థి. ప్రమాదం ఉన్న చోటికి ఆ మనిషిని బలవంతంగా వెనక్కి పంపకూడదన్నది ఇందులో అసలైన రూల్. భారత్ ఈ ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ మన దగ్గర లేదు. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో ఉంటున్న రోహింగ్యాల్లో చాలామంది దగ్గర ఐరాస శరణార్థి కార్డులున్నా, కేంద్రం వాళ్లను అక్రమ వలసదారులుగానే చూస్తోంది.

దేశం దాటని వాళ్లే ఎక్కువ

ఐరాస శరణార్థి సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 12.32 కోట్ల మంది బలవంతంగా ఇళ్లు వదిలారు. అందులో శరణార్థులు 4.27 కోట్లు. సొంత దేశంలోనే చెల్లాచెదురైన వాళ్లు 7.35 కోట్లు. వీళ్లను అంతర్గత నిర్వాసితులు అంటారు. వీళ్ల కోసం ఐరాస 1998లో మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. కానీ వాటిని పాటించి తీరాలన్న నిబంధన లేదు. బాధ్యతంతా సొంత ప్రభుత్వానిదే.

గుత్తికోయలు ఎందుకు వచ్చారు?

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి వెళ్తే ఒకరితో భయం, ఊళ్లో ఉంటే ఇంకొకరితో భయం. దాంతో వేల మంది ఆదివాసీలు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చేశారు. మురియా, మాడియా తెగలకు చెందిన వీళ్లను ఇక్కడ గుత్తికోయలు అంటారు. ఇలా సాయుధ పోరులోకి ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అప్పటికే జనం ఊళ్లు వదిలేశారు.

తేదీతో వచ్చిన చిక్కు

ఇక్కడే అసలు సమస్య. అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. అంటే గడువు తేదీ తర్వాత వచ్చిన వాళ్లకు ఇక్కడి పోడుపై హక్కు అడిగే దారే లేదు. అక్రమంగా ఖాళీ చేయించిన వాళ్లకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని అదే చట్టంలో ఉన్నా, దానికీ అదే గడువు.

రెండో చిక్కు ఎస్టీ హోదా. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన, వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే చెప్పింది.

అడవా? మనిషా?

చాలా గూడేలు రిజర్వ్ ఫారెస్టులోనే ఉన్నాయి. అక్కడ రోడ్డు, కరెంటు కష్టం. వాగుల్లో చెలమలు తవ్వుకుని నీళ్లు తెచ్చుకునే కుటుంబాలున్నాయి. పోడు, మిరప తోటల్లో కూలి.. ఇవే బతుకుతెరువు. కొందరికి ఆధార్, ఓటరు కార్డులు వచ్చాయి. మరోవైపు పోడు కోసం చెట్లు నరికితే అడవి మిగలదన్నది అటవీ శాఖ వాదన. ఆ వాదనలోనూ నిజముంది. ఈ గొడవే ముదిరి 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో విధుల్లో ఉన్న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. ఆ తర్వాత అధికారులకూ, గూడేలకూ మధ్య నమ్మకం ఇంకా తగ్గింది.

తిరిగి వెళ్లొచ్చు కదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. వెళ్లాలంటే అక్కడ భద్రత ఉండాలి, వదిలేసిన భూమి చేతికి రావాలి. ఇక్కడే ఉండాలంటే భూమి, గుర్తింపు కావాలి. రెండింటిలో ఏది జరగాలన్నా రాష్ట్రాలు, కేంద్రం కలిసి కూర్చోవాల్సిందే.

2005లో అమ్మ చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యే వయసుకు వచ్చారు. ఇక్కడే పుట్టిన వాళ్లకైతే ఛత్తీస్‌గఢ్‌లోని ఊరు పెద్దల మాటల్లో విన్నదే. కానీ వాళ్లకు ఎస్టీ రిజర్వేషన్ దక్కేది మాత్రం, ఎప్పుడూ చూడని ఆ ఊరున్న రాష్ట్రంలోనే.